కొత్త సిక్లిడ్లు వేసిన రోజే చచ్చిపోతుంటే

సిక్లిడ్లంటే అక్వేరియంలో పెంచే, జాగా కోసం కొట్టుకునే ఓ రకం చేపలు. ట్యాంకులోని పాత చేపలు మామూలుగానే తిరుగుతుంటాయి. కొత్తవి మాత్రం పైకొచ్చి నోరు తెరుచుకుని ఊపిరికి కొట్టుకుంటాయి, లేదంటే హీటర్ వెనక నక్కుతాయి. వెంటనే ట్యాంకులో మందు పోసేస్తారు. దయచేసి ఆ సీసా పక్కన పెట్టి, టార్చ్ వేసి ముందు రెక్కలు, తర్వాత మొప్పలు చూడండి. అర నిమిషం పని, కానీ ఎవరూ చేయరు.

రెక్కలు చిరిగి ఉంటే చాలావరకు రోగం కాదు, పాత మగచేప దెబ్బ. రాళ్లన్నీ కదిపి వేరేగా పేర్చండి, దాని జాగా ఏదో దానికే తెలియకుండా పోతుంది. ఒక్క చేపను కాకుండా నాలుగైదు కలిపి, లైటు ఆర్పి వదలండి.

రెక్కలు బాగుండి, మొప్పలు ఎర్రగా కంది గబగబా ఆడుతుంటే అడగాల్సింది ఒకటే: చేప కవర్లో ఎన్ని గంటలుంది?

చెన్నై నుంచి ఆరు ఎల్లో ల్యాబ్‌లు (పసుపు రంగు సిక్లిడ్లు) రాత్రి పార్సిల్లో తెప్పించాను. తిరుపతి బస్టాండులో తీసుకున్నప్పుడు కవర్లో చక్కగా ఈదుతున్నాయి. ఇవి ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార కొలత, 7 కంటే ఎక్కువైతే క్షారం) 8 దగ్గరుండే మా బోరు నీళ్లు వీటికి సరిపోతాయని నా ధీమా. అందరూ చెప్పినట్టే కవరు విప్పి, సన్న గొట్టంతో గంటన్నర చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపాను. అరగంటకే ఒకటి పక్కకి వాలింది. సాయంత్రానికి నాలుగు పోయాయి.

మూతి కట్టిన కవర్లో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. చేప వదిలిన వ్యర్థంగా అక్కడ చేరిన అమ్మోనియా చాలావరకు పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. కవరు విప్పగానే గ్యాసు పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది. పైగా మనం బోరు నీళ్లు కలుపుతాం. పీహెచ్ 8కి చేరేసరికి ఆ విషం నూటికి ఆరేడు వంతులవుతుంది. చేపను జాగ్రత్తగా అలవాటు చేస్తున్నామనుకుంటూ గంటన్నర దాన్ని ఆ నీళ్లలోనే ఉంచుతాం. మొప్పలు కాలిపోతాయి.

అందుకే దూరం నుంచి వచ్చిన కవర్ని విప్పకుండానే 20 నిమిషాలు ట్యాంకులో తేలేయండి, వేడి సమానమవుతుంది. విప్పిన మరుక్షణం వలలో వడగట్టి చేపల్ని ట్యాంకు నీళ్లలోకి మార్చండి. కవరు నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులో పడకూడదు. అమ్మేవాళ్ల నీళ్ల పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) ముందే అడిగి, టబ్బులో అలాంటి నీళ్లు సిద్ధం చేసుకుంటే ఇంకా మంచిది. చుక్కల పద్ధతి ఆ టబ్బులో చేయండి. ఊళ్లోని షాపు నుంచి అరగంటలో తెచ్చిన చేపకైతే కవర్లో చేసినా ఫర్వాలేదు.

పురుగులు, పొట్ట ఉబ్బు లాంటివి వేసిన రోజే చంపడం చాలా అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు.

ఇప్పటికే చేప పక్కకి వాలిందా? శుభ్రమైన ట్యాంకు నీళ్ల బకెట్లోకి మార్చి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) గట్టిగా పెట్టి, అమ్మోనియాను కట్టేసే కండిషనర్ వేసి చీకట్లో వదిలేయండి. ఆ రోజు మేత వేయొద్దు.