లిపిడ్ రిపోర్టు వచ్చిందా? పథ్యం మొదలుపెట్టే ముందు ఏ అంకె పెరిగిందో చూడండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు ఇళ్ళలో రిపోర్టు రాగానే జరిగేది దాదాపు ఒకటే. "కొలెస్ట్రాల్ ఉందట" అని ఒక మాట, ఆ పూట నుంచి గుడ్డు బంద్, నెయ్యి బంద్, అన్నం మాత్రం ఎప్పటిలాగే కంచం నిండా. మూడు నెలలకి మళ్ళీ రక్తం ఇస్తే అంకె కదలదు, దాంతో "మా ఒంటితత్వమే అంత" అని వదిలేస్తారు. రిపోర్టులో పెరిగింది ట్రైగ్లిజరైడ్స్ అయితే గుడ్డు మానేసి ఏం లాభం? పెరిగింది ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ అయితే అన్నం ఒక్కటే తగ్గించి ఊరుకుంటే ఎలా సరిపోతుంది? రెండూ రక్తంలో కొవ్వులే, కానీ పెరిగే దారి వేరు, తగ్గించే పని వేరు. ఇక్కడ చెప్పేదంతా ఆ తేడా పట్టుకునే.

ముందో మాట. రక్తంలో కొవ్వు పెరిగితే నొప్పి ఉండదు. మెడ లాగినా, కళ్ళు తిరిగినా కొలెస్ట్రాల్ వల్లేనని అనుకుంటారు గానీ అవి దీని లక్షణాలు కావు. ఏళ్ళ తరబడి రక్తనాళాల గోడల్లో పేరుకుంటున్నా మనిషికి తెలీదు, తెలిసేసరికి గుండెపోటో పక్షవాతమో అయి కూర్చుంటుంది. అందుకే 20 ఏళ్ళు దాటినవాళ్ళు ఒకసారి, ఆ తర్వాత నాలుగైదేళ్ళకోసారి చూపించుకోవాలి. షుగర్, బీపీ, పొగ అలవాటు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి ఇంకా తరచుగా చూపించుకోవాలి.

కొందరికి మాత్రం ఒంటిమీదే గుర్తులు కనిపిస్తాయి. కంటి రెప్పల మీద ముక్కు వైపు మూలన పసుప్పచ్చని మెత్తటి మచ్చలు, మడమ వెనక పైకి వెళ్ళే దళసరి నరం లావెక్కడం, వేళ్ళ కణుపుల దగ్గర గట్టి బుడిపెలు, 45 ఏళ్ళు రాకుండానే నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం. ఇవి ఉన్నాయంటే కొవ్వు ఉందని తేలిపోయినట్టు కాదు, టెస్ట్ వాయిదా వేయొద్దని.

రక్తం ఇచ్చే ముందు

రాత్రి భోజనం అయ్యాక 9 నుంచి 12 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా పొద్దున్నే వెళ్ళండి. ఈ మధ్య మొదటిసారి టెస్టుకి పరగడుపు అక్కర్లేదంటున్నారు, అదీ తప్పు కాదు, కానీ ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువొస్తే పరగడుపున ఇంకోసారి ఇవ్వాల్సిందే. ఠాకురాణి జాతర రోజుల్లో, పెళ్ళి విందు మర్నాడు, రాత్రి మందు పుచ్చుకుని తెల్లారి వెళ్ళకండి. గట్టి జ్వరం గానీ ఆపరేషన్ గానీ అయితే కొన్ని వారాలు ఆగండి, ఎందుకంటే అప్పుడు అంకెలు ఉన్నదానికంటే తక్కువగా కనిపించి మోసం చేస్తాయి.

ట్రైగ్లిజరైడ్స్ మరీ ఎక్కువుంటే రిపోర్టు అచ్చవ్వకముందే తెలిసిపోతుంది. ట్యూబులో రక్తం కిందకి దిగి పైన తేరిన నీరు తేటగా ఉండాలి, అది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. ల్యాబ్ కుర్రాడు ట్యూబుని వెలుతురులోకి ఎత్తి చూసి "ఆజ్ఞా, రాత్రి ఏం తిన్నారు?" అని అడిగాడంటే సంగతి అదే.

అంకెలు చదవడం

మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉండాలి. ఎల్‌డీఎల్ 100 లోపు మంచిది, 130 నుంచి 159 అంచున ఉన్నట్టు, 160 దాటితే ఎక్కువ, 190 దాటితే డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్ళాలి. హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 కంటే తగ్గకూడదు. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి, 200 దాటితే ఎక్కువే, 500 దాటితే గుండె సంగతి తర్వాత, ముందు క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. అంత అంకె ఉన్న మనిషికి పైకడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి.

రిపోర్టు పక్కన అచ్చేసిన "నార్మల్" అందరికీ ఒకటే అనుకోవద్దు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ 100 చాలదు, 70 కంటే, కొందరికి ఇంకా కిందకి దించమంటారు డాక్టర్లు.

ఇంకో చిన్న లెక్క ఉంది, రిపోర్టులో లేకపోయినా మనమే వేసుకోవచ్చు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. మొత్తం 212, హెచ్‌డీఎల్ 34 అనుకోండి. 212 చూసి "కాస్తే కదా పెరిగింది" అంటారు, కానీ తీసేస్తే మిగిలింది 178. ఇది 130 లోపు ఉండాలి. పైకి పర్వాలేదనిపించిన రిపోర్టు అసలు రంగు ఇలా బయటపడుతుంది. ఎల్‌డీఎల్‌ని చాలా ల్యాబులు నేరుగా కొలవవు, మిగతా అంకెల నుంచి లెక్కగడతాయి. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క పనికిరాదు, అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయమని అడగండి.

ట్రైగ్లిజరైడ్స్ పెరిగితే

మనవాళ్ళలో బాగా కనిపించే జోడీ ఇది, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. దీని వెనక మాంసం కంటే అన్నం, పంచదార, మందు, పొట్ట ఎక్కువగా ఉంటాయి. ఖర్చు కాకుండా మిగిలిపోయిన పిండిపదార్థాన్నీ పంచదారనీ కాలేయం ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఒక్క చుక్క నూనె ముట్టని మనిషికీ అవి పెరగొచ్చు.

పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. ఎండాకాలం పఖాళ, అంటే నీళ్ళు పోసిన అన్నం, మానమని ఎవరు చెప్పినా ఈ జిల్లాల్లో వినేవాళ్ళుండరు, నేనూ చెప్పను. కానీ గిన్నెలో నీళ్ళు ఎక్కువుంటే అన్నం తక్కువున్నట్టు కనిపిస్తుంది, అక్కడే లెక్క తప్పుతుంది. వండిన అన్నాన్ని ముందు ఒక కప్పుతో కొలిచి, తర్వాత నీళ్ళు పోయండి. నంజుకోడానికి బంగాళాదుంప ముద్ద బదులు శాగ, అంటే ఆకుకూర వేపుడు, కాస్త పెరుగు పెట్టుకోండి. అన్నం పైన దుంప అంటే పిండిమీద పిండే. మధ్యాహ్నం కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో చేపో, మిగిలిన పావు వంతే అన్నం. మొదటి వారం రోజులు కడుపు నిండలేదని గొడవ ఉంటుంది, కూర రెండోసారి వడ్డించండి, అన్నం కాదు.

టీ సంగతి. రోజుకి నాలుగు కప్పులు, కప్పుకి రెండు చెంచాలు అంటే దాదాపు 40 గ్రాముల పంచదార టీలోనే వెళ్ళిపోయింది. ఆపైన ఛెనాపోడ, రసగొల్లలు వేరే. పంచదార ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి, నాలుక అలవాటు పడుతుంది. పళ్ళరసం కూడా పంచదార నీళ్ళ కిందే లెక్క, పండు కొరికి తినండి.

మందు విషయంలో మెత్తగా చెప్పడం కుదరదు. బాటిల్ మందైనా, రాయగడ వైపు ఇప్పసారా అయినా, జీలుగు కల్లైనా కాలేయానికి తేడా తెలీదు. "కల్లు చెట్టుది కదా, చలవ" అనే మాట పక్కన పెట్టండి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటినవాళ్ళు పూర్తిగా మానాలి, పండగకి ఒక గ్లాసు అనే బేరం కూడా లేదు.

చోడి, అంటే రాగి, మంచిదే, అన్నం బదులు చోడి రొట్టో, చోడి ముద్దో తినొచ్చు, పీచు ఎక్కువ. అలాగని అన్నం మొత్తం తిని పైన చోడి అంబలి తాగితే అది ఇంకో భోజనం అయింది తప్ప పథ్యం కాలేదు.

పొట్ట కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే తగ్గించుకోవాల్సిందే. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ట్రైగ్లిజరైడ్స్ బాగా దిగుతాయి. రోజుకి అరగంట, వారంలో ఐదు రోజులు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలి. మన ఎండకి తెల్లవారుజామునే నయం.

ఎల్‌డీఎల్ పెరిగితే

ఇక్కడ చూడాల్సింది నూనె క్యాన్. కొత్త క్యాన్ తెరిచిన రోజు దాని మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టండి. మనిషికి నెలకి సుమారు అర లీటరు సరిపోతుంది, అంటే నలుగురున్న ఇంట్లో 2 లీటర్లు నెలంతా రావాలి. 15 రోజులకే అడుగు కనిపిస్తే "మా ఇంట్లో నూనె తక్కువే వాడతాం" అనే మాట చెల్లదు. క్యాన్ ఎత్తి బాండీలో వంచడం మానేసి చెంచాతో కొలిచి పోయమనండి. అత్తగారికి కోడలు చెబితే రగడవుతుంది, కొడుకుతో చెప్పించండి.

ఏ నూనె అన్నదానికి పెద్ద మీమాంస అక్కర్లేదు. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఒడియా ఇళ్ళలో వాడే ఆవనూనె ఏదైనా సరే, మార్చి మార్చి వాడండి. పామాయిల్, డాల్డా, కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ని పెంచుతాయి. వేటమాంసం కొవ్వు, వెన్న, మీగడ, నెయ్యి కూడా అంతే. నెయ్యి ఒక చెంచా సరే, పప్పన్నంలో గుంట చేసి పోసుకోవద్దు. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో ఉంటే మురిసిపోకండి, కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు, పామాయిల్‌లో కూడా. గుడ్డు రోజుకొకటి చాలామందికి ఫర్వాలేదు, షుగర్ గానీ గుండెజబ్బు గానీ ఉంటే డాక్టరుని అడిగి తినండి.

బజారు టిఫినులో వడలు వేగే నూనె పొద్దుట్నుంచీ కాగుతూనే ఉంటుంది, అదే పదేపదే కాచిన నూనె. వడ–ఘుగుని తెప్పించుకున్నప్పుడు వడలు ఒకటికి తగ్గించి ఘుగుని రెండు గరిటెలు వేయించుకోండి, బఠాణీ మేలే చేస్తుంది. బరంపురంలో ఉంటూ అప్పడం మానమంటే కుదరదు, నిప్పుల మీదో మంట మీదో కాల్చుకోండి.

కార్తీకం గురించి చెప్పాలి. నెలంతా నీసు ముట్టం, దాంతో కొవ్వు తగ్గిపోతుందని ధీమా. ఆ నెలలోనే పూరీలు, దుంప వేపుడు, డాల్డా మిఠాయిలు ఇంట్లో ఎన్ని అవుతాయో ఒకసారి చూసుకోండి. చేప మానేసి పూరీ తింటే రక్తానికి కార్తీకం తెలీదు. నిజానికి కవళ్ళు, కానాగంతలు లాంటి సముద్రపు చేపలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే మంచిదే, వేపుడు చేస్తే ఆ మంచి నూనెలో కలిసిపోతుంది.

తగ్గించడమే కాదు, చేర్చాల్సినవీ ఉన్నాయి. నీళ్ళలో కరిగే పీచు పేగులో కొలెస్ట్రాల్‌ని పట్టుకుని బయటికి పంపుతుంది. ఓట్స్ కొనక్కర్లేదు, పక్కింటి ఒడియా వదినగారి దగ్గర దాల్మా నేర్చుకోండి. పప్పులో అరటికాయ, గుమ్మడికాయ, వంకాయ, ములక్కాడ, కంద వేసి కలిపి ఉడికించి, చివర్లో వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. నూనె చెంచాడు చాలు. బెండ, చిక్కుడు, శనగలు, జామకాయ ఇవన్నీ ఆ పనే చేస్తాయి. పలాస జీడిపప్పు వేయించి ఉప్పు పట్టించింది కాకుండా పచ్చిది గుప్పెడు తినొచ్చు, లేదంటే ఉడకబెట్టిన పల్లీలు, చవక కూడా.

చుట్ట, పీకా, సిగరెట్ హెచ్‌డీఎల్‌ని దించుతాయి, నాళాల్ని పాడుచేస్తాయి. నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే మన ముసలమ్మల అడ్డపొగ కూడా ఇందులోదే. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళూ తప్పించుకోలేరు.

ఇంత చేసినా దిగకపోతే

థైరాయిడ్ తక్కువున్నా, షుగర్ అదుపులో లేకున్నా, మూత్రపిండాల జబ్బున్నా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా కొవ్వులు పెరుగుతాయి. మూలం సరిచేయకుండా పథ్యం మీద పడి లాభం లేదు, ముందు థైరాయిడ్, షుగర్ టెస్టులు చేయించండి.

ఎల్‌డీఎల్ 190 పైన ఉండి, తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే అది కుటుంబంలో నడిచే రకం కావచ్చు. సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. మన మేనరికాల్లో రెండు వైపుల నుంచీ వస్తే పిల్లల మీద చాలా గట్టిగా పడుతుంది, చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. ఇంట్లో ఒకరికి తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరూ చూపించుకోవాలి. పిల్ల సంబంధం చెడుతుందని దాచకండి.

తిండి మార్చుకుంటే ఎల్‌డీఎల్ మామూలుగా 10, 15 శాతం దిగుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మోతాదుని బట్టి 30 నుంచి 50 శాతం దించుతుంది. కాబట్టి 190 ఉన్నవాళ్ళు "ముందు ఆరు నెలలు వెల్లుల్లి నమిలి చూస్తా" అంటే అది ఆరు నెలల నష్టం. మాత్ర మొదలుపెట్టాక 6 నుంచి 12 వారాలకి మళ్ళీ టెస్ట్. అంకె దిగిందని మాత్ర ఆపకండి, ఆపితే మళ్ళీ పైకొస్తుంది. కారణం లేకుండా కండరాలు బాగా నొప్పెడితే, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి. గర్భం దాల్చాలనుకునే ఆడపిల్లలు ముందే చెప్పాలి. సర్కారు ఆసుపత్రిలో నిరామయ పథకం కింద ఉచితంగా ఇస్తారేమో అడగండి, లేదంటే జన ఔషధి దుకాణంలో చవగ్గా దొరుకుతాయి.

ఇక్కడ ఒక డాక్టరుకి చూపించి, తర్వాత విశాఖ వెళ్ళి ఇంకొకరికి చూపించే అలవాటు మనకుంది. అక్కడ కొత్త చీటీ, కొత్త పేరుతో మాత్ర. పాతదీ కొత్తదీ రెండూ రోజూ మింగేవాళ్ళు ఎంతోమంది. వెళ్ళేటప్పుడు పాత స్ట్రిప్పు, పాత రిపోర్టు సంచిలో పెట్టుకోండి. వచ్చాక రెండు స్ట్రిప్పులూ తిప్పి, కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఇంటి కుర్రాళ్ళతో చదివించండి. రెండింటి మీదా అటోర్వాస్టాటిన్ అనో రోసువాస్టాటిన్ అనో ఉంటే రెండూ కలిపి వేసుకోకుండా, ఏది ఉంచాలో ఏది ఆపాలో ఫోన్ చేసి డాక్టరునే అడగండి.