మనుషుల నడవడికను వర్గాలుగా విడదీయడం: 3వ పాఠం – ఇద్దరికీ ఒకటే కనిపిస్తోందా?

కిందటి పాఠంలో శ్రీకాకుళం కూరగాయల మార్కెట్‌కి వచ్చేవాళ్లను రెండు వర్గాలు చేశాం: బేరమాడేవాళ్లు, ఆడనివాళ్లు. (రైతుబజార్ వద్దన్నది అందుకే. అక్కడ ధర బోర్డు మీద ఉంటుంది, బేరానికి చోటు తక్కువ.) ఈ విభజన నిలబడుతుందా?

మీరూ మీ స్నేహితుడూ ఒకే దుకాణం దగ్గర నిలబడి, అదే 50 మందిని చూసి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయండి. ఇద్దరూ 40 మందిని ‘ఆడారు’ అనీ, ఇద్దరిని ‘ఆడలేదు’ అనీ రాశారనుకుందాం. మిగిలిన 8 మందిలో నలుగురు మీ లెక్కలోనే ఆడారు, నలుగురు ఆయన లెక్కలోనే ఆడారు. 42 చోట్ల మాట కలిసింది, 84 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం.

ఇద్దరూ చెరో 44 మందికి ‘ఆడారు’ అనే రాశారు కదా. మనిషిని చూడకుండా అదే పాళ్లలో రాసుకుంటూ పోయినా 0.88 × 0.88 + 0.12 × 0.12, అంటే దాదాపు 79 శాతం కలుస్తుంది. 1960లో జేకబ్ కోహెన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇచ్చిన ‘కప్పా’ అనే కొలత, ఇలా ఊరికే కలిసే పాలునే తీసేస్తుంది: (0.84 − 0.79) ÷ (1 − 0.79) = 0.24. పూర్తిగా కలిస్తే 1 వస్తుంది.

నాకు ఈ అంకె కంటే మాట కలవని ఆ ఎనిమిది మందే ముఖ్యం. ఒకావిడ వంకాయలు ఏరింది. ధర విని ఏమీ అనలేదు. ఏరినవి మళ్లీ కుప్ప మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. అమ్మే ఆమే పిలిచి, “అయిదు తగ్గించి ఇచ్చీయమ్మా” అంది. ఇది బేరమా, కాదా? ఒకరు అవునని రాస్తారు, ఒకరు కాదని రాస్తారు. తప్పు చూసినవాళ్లది కాదు, మన నిర్వచనానిది. దాన్ని కంటికి కనిపించే పనుల్లో తిరగరాయండి: ‘ధర తగ్గించమని నోటితో అడిగినా, ధర విన్నాక సరుకు వదిలి కదిలినా బేరమే.’

‘ధర తగ్గితే బేరం’ అని మాత్రం రాయకండి. బేరమాడేవాళ్లకు నిజంగా తక్కువకు దొరుకుతుందా అన్నదే వచ్చే పాఠంలో మన పరీక్ష. ధరను నిర్వచనంలోనే పెట్టేస్తే ఆ పరీక్షకు అర్థం ఉండదు. కప్పా ఎంత పెరిగినా ఇద్దరి చూపు ఒకటైందనే చెబుతుంది. ఇద్దరూ కలిసి పొరపాటు పడొచ్చు.

ఈ వారం పని: కొత్త నిర్వచనంతో, కొత్తగా 50 మంది. కొన్న ధర మూడో మనిషి చేత రాయించండి. మీ కాగితాలు ఆయనకు చూపించకండి.