కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సినవి

కొలెస్ట్రాల్ ఎక్కువైతే నొప్పి ఉండదు, నీరసమూ ఉండదు. అందుకే చాలామంది రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్లో పేరుకుంటూ పోతుంది. ఆ కొవ్వు పొర ఎప్పుడైనా చిట్లితే నిమిషాల్లో దానిమీద రక్తం గడ్డ కడుతుంది. గుండె నాళంలో అయితే గుండెపోటు, మెదడుకు వెళ్లే నాళంలో అయితే పక్షవాతం. సగం కూడా మూసుకోని చోటా ఇలా చిట్లవచ్చు. కాబట్టి ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా వచ్చిందని ధీమాగా ఉండకండి.

రిపోర్టులో టోటల్ కంటే ముందు ఎల్‌డీఎల్ చూడండి. వేరే జబ్బులేమీ లేకపోతే 100 లోపు మంచిది. షుగరు ఉన్న చాలామందికి 70 లోపు, గుండెపోటు వచ్చినవారికి 55 లోపు ఉండాలంటారు డాక్టర్లు. ల్యాబువాళ్లు అచ్చువేసే ‘నార్మల్’ అందరికీ ఒకటే, మీ లెక్క వేరు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 400 దాటితే మిగతా అంకెల నుంచి లెక్కగట్టిన ఎల్‌డీఎల్‌ను నమ్మలేం, నేరుగా కొలిచే డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయించండి. ఎల్‌డీఎల్ 190 దాటితే అది వంశపారంపర్యం కావచ్చు. తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి.

కాళ్ల నాళాల సంగతి ఎవరూ పట్టించుకోరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కితే ఎవరికైనా కాళ్లు లాగుతాయి, ఆ నొప్పి మర్నాడు కూడా ఉంటుంది. నాళం సన్నబడిన నొప్పి అలా ఉండదు. దాదాపు అన్నే మెట్లు ఎక్కేసరికి పిక్క పట్టేస్తుంది, కాసేపు నిలబడితే పోతుంది, మళ్లీ అంతే దూరానికి పట్టేస్తుంది. దాన్ని వయసు మీదకు నెట్టకండి. చేతి దగ్గరా చీలమండ దగ్గరా బీపీ కొలిచి పోల్చే చిన్న పరీక్ష ఉంది, చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే నాళం సన్నబడినట్టే. మెట్ల మీద ఛాతీ బిగుసుకుని చెమటలు పోస్తే మాత్రం అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి.

వంటకు పామాయిల్ బదులు శెనక్కాయ నూనె వాడండి, అదీ మనిషికి నెలకు అర లీటరు మించకుండా. రాగి సంగటితో ఇబ్బంది లేదు. దాని పక్కన తోలుతో వండిన నాటుకోడి పులుసు, పైన వేసే నెయ్యి, ఇవి తగ్గించాలి.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించండి. అంకె దిగిందని మాత్ర మానేస్తే కొన్ని వారాల్లోనే పాత చోటికి వస్తుంది. కండరాల నొప్పులుంటే డాక్టరుకు చెబితే మందో మోతాదో మారుస్తారు. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.