పైథాన్ 3కి మారాక కోడ్‌లో మిగిలిన పాత సరుకు తీసేయడం

పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. రెండు వెర్షన్లలోనూ నడవాలని అప్పట్లో వేసిన అతుకులు మాత్రం చాలా కోడ్‌బేస్‌లలో ఇంకా ఉన్నాయి. ఉంటే నష్టమేంటి అంటారా? సిక్స్ (ఒకే కోడ్ రెండు వెర్షన్లలోనూ నడవడానికి వాడిన లైబ్రరీ) 1.15 లేదా అంతకంటే పాత కాపీని తమలోనే దాచుకున్న ప్యాకేజీలు పైథాన్ 3.12లో ‘సిక్స్.మూవ్స్’ దొరకలేదంటూ ఇంపోర్ట్ దగ్గరే కూలబడతాయి.

ముందు మీ కోడ్ నడవాల్సిన కనీస వెర్షన్ ఏదో తేల్చి, ప్యాకేజీ సెట్టింగ్స్‌లో రాయండి. వీల్ (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైల్) సెట్టింగ్స్‌లో ‘యూనివర్సల్’ ఉంటే తీసేయండి. తీయకపోతే ఆ ఫైల్ పేరులో పైథాన్ 2 ట్యాగ్ చేరుతూనే ఉంటుంది.

తర్వాత పైఅప్‌గ్రేడ్ గానీ, రఫ్‌లోని ‘యూపీ’ రూల్స్ గానీ నడపండి. ఇవి పాత పద్ధతి కోడ్‌ను వాటంతటవే మార్చే టూల్స్. యూటీఎఫ్-8 అని చెప్పే మొదటి లైను, క్లాస్ పక్కన ‘ఆబ్జెక్ట్’, స్ట్రింగ్ ముందు ‘యూ’ అక్షరం, ప్రింట్ ఫంక్షన్ కోసం పెట్టిన ఫ్యూచర్ ఇంపోర్ట్ లాంటివి అదే ఊడ్చేస్తుంది. ఈ మార్పులన్నీ విడిగా ఒకే కమిట్‌లో పెట్టి, దాని హ్యాష్‌ను గిట్ బ్లేమ్ (ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చూపే ఆదేశం) పట్టించుకోని జాబితాలో చేర్చండి (గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది). ఫ్యూచర్ ఇంపోర్టులన్నీ చచ్చినవే అనుకుని చేత్తో తుడిచేయకండి. ‘అనోటేషన్స్’ ఇంపోర్ట్‌కు ఇప్పటికీ పని ఉంది.

టూల్‌కు వదలకూడనివి కొన్ని ఉన్నాయి.

పైథాన్ 2 కోడ్‌ను 3కి మార్చే 2టు3 టూల్ డిక్షనరీ కీలు, ఐటమ్‌ల చుట్టూ ‘లిస్ట్’ చుట్టి పెట్టింది. చాలా చోట్ల అది దండగే. కానీ లూప్ లోపల అదే డిక్షనరీలోంచి కీ తీసేస్తుంటే మాత్రం ఆ లిస్టే కాపాడుతోంది. దాన్ని పీకితే, నడుస్తుండగా సైజు మారిందని రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. అదీ ఆ తీసివేత జరిగిన రోజునే వస్తుంది కాబట్టి టెస్టుల్లో దొరక్కపోవచ్చు.

ఇంతకంటే మొండిది ‘ఓల్డ్_డివ్’. ‘ఫ్యూచర్’ లైబ్రరీతో వచ్చే మార్పిడి టూల్ ఫ్యూచరైజ్ ఈ ఫంక్షన్‌ను భాగహారాల దగ్గర పెడుతుంది. రెండూ పూర్ణాంకాలైతే ఇది // లాగా, లేదంటే / లాగా లెక్క వేస్తుంది. ఫైల్ మొత్తం ఒకేసారి / పెట్టేస్తే 7ను 2తో భాగించినప్పుడు 3 రావాల్సిన చోట 3.5 వస్తుంది, అది ఇండెక్స్ అయితే టైప్ ఎర్రర్. అన్నిటికీ // పెడితే 7.0కి 3.5 బదులు 3.0 వస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. ఇదే ఎక్కువ ప్రమాదం. ఒక్కో పిలుపు దగ్గర ఏ రకం విలువలు వస్తున్నాయో చూసి మార్చడం తప్ప దగ్గరి దారి లేదు.

‘నాన్‌జీరో’, ‘సీఎంపీ’ మెథడ్‌లు పైథాన్ 2లో ఆబ్జెక్ట్ ట్రూనా ఫాల్సా అని, రెండిటిలో ఏది పెద్దదని తేల్చేవి. పైథాన్ 3 వీటిని పిలవదు. అలాగని వెంటనే చెరిపేయకండి. పక్కన ‘బూల్’ మెథడ్ లేకుండా ‘నాన్‌జీరో’ ఒక్కటే కనిపిస్తే, మైగ్రేషన్ నాటి నుంచే బగ్ దాక్కుని ఉందన్నమాట: ‘లెన్’ కూడా లేకపోతే ఆ ఆబ్జెక్ట్ ఎప్పుడూ ట్రూ అనే తేలుతుంది. పేరు ‘బూల్’గా మార్చండి. ‘సీఎంపీ’ ఒక్కటే ఉంటే సార్టింగ్ ఎర్రర్‌తో దొరుకుతుంది గానీ, సమానమా కాదా అనే పోలిక మాత్రం గుట్టుగా తప్పు జవాబిస్తుంది.

ఎన్‌కోడ్, డీకోడ్ పిలుపులను కదిపే ముందు టెస్టులను పైథాన్ ‘-బీబీ’ ఆప్షన్‌తో (ఇంగ్లీషు చిన్న అక్షరం ‘బి’ రెండుసార్లు) నడపండి. బైట్స్‌ను స్ట్రింగ్‌తో పోల్చినా, నేరుగా స్ట్రింగ్‌గా మార్చినా అక్కడికక్కడే ఎర్రర్ చూపిస్తుంది.

చివర్లో డిపెండెన్సీల జాబితాలోంచి సిక్స్, ఫ్యూచర్ తీసేసి, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో టెస్టులు నడపండి. పాతదాంట్లో నడిపితే అవి ఇంకా ఇన్‌స్టాల్ అయ్యే ఉంటాయి కాబట్టి మిగిలిపోయిన ఇంపోర్ట్ బయటపడదు. కొత్తదాంట్లోనూ సిక్స్ కనిపిస్తే ‘పిప్ షో’ అడగండి, దాన్ని ఏ లైబ్రరీ లాక్కొచ్చిందో చెబుతుంది.