విజయనగరంలో చవగ్గా ఒక నవ్వుల సీరియల్ తీయాలంటే

కమెడియన్ కావాలని కలలు కనే 16 ఏళ్ల కుర్రాడి కథకు పెద్ద సెట్టు అక్కర్లేదు. ఒక డాబా, ఒక టీకొట్టు, ఒక ట్యూషన్ గది చాలు. గంటస్తంభం దగ్గర తీయాలంటే తెల్లవారుజామునే వెళ్లండి. దుకాణాలు తెరిచాక ఆ రొదలో మాటలు వినబడవు. కోట ముందు తీద్దామని యూనిట్లో ఎవరో ఒకరు అంటారు. ట్యూషన్ ఎగ్గొట్టే కుర్రాడికి కోటతో పనేమిటి?

అసలు కష్టం కుర్రాడు వేదికెక్కి జోకులు చెప్పే ప్రదర్శన సన్నివేశానిది. హాలు నిండాలంటే జనం కావాలి, జనానికి భోజనాలు పెట్టాలి. నేనైతే 12 మందితో సరిపెడతాను. ముఖాలు దగ్గరగా తీసి, చొక్కాలూ కుర్చీలూ మార్పించి మళ్లీ తీయండి. జోకు మొదటిసారి చెప్పేటప్పుడు కెమెరా ప్రేక్షకుల వైపే ఉండాలి. రెండోసారికి ఎవరూ నవ్వరు. ఆ నవ్వని ముఖాలను పారేయకండి, జోకు పేలని సన్నివేశానికి అవే కావాలి.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్ల కింద సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టకపోతే తెరమీద వెలుగు మినుకుమంటుంది. మాటలు తీసేటప్పుడు ఫ్యాను ఆపండి. చెమట పడితే పట్టనివ్వండి, వేదికెక్కిన కుర్రాడికి అది నప్పుతుంది. ఖాళీ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం విడిగా రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు తెలియవు.

తమ్ముడి పాత్రధారికి 14 ఏళ్లు నిండలేదా? 2017 బాల కార్మిక నిబంధనల ప్రకారం కలెక్టరు అనుమతి తీసుకోవాలి, రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వాడి సన్నివేశాలు ముందే ముగించండి. పక్కన కూర్చున్న వాళ్లమ్మ ఎలాగూ టేకుకొక సలహా ఇస్తుంది.