చిల్లచెట్లు మళ్ళీ చిగురెయ్యకుండా ఇలా చేశాం

కావలి పక్కన మా మెట్టచేను కొన్నాళ్లు బీడు పడేసరికి సర్కారు తుమ్మ, అదే మా వైపు చిల్లచెట్టు, గట్లతో సహా కమ్మేసింది. బొగ్గుల బట్టీవాళ్లు ఊరికే కొట్టి పట్టుకుపోతారు గానీ, పైకి నరికితే వాన పడగానే మోడు చుట్టూ గుత్తులుగా లేస్తుంది. చిగుళ్లు వచ్చేది లోతు వేళ్లనుంచి కాదు, చెట్టు మొదలు దగ్గర మట్టికింద ఉండే ముడి నుంచి. అందుకే అక్టోబరు వానలకు నేల మెత్తబడ్డాక జేసీబీతో అడుగు లోతున ఆ ముడితో సహా పెళ్లగించి, వేళ్లు పైకి తిప్పి ఎండలో పడేశాం. చిన్నవాటికి గడ్డపార చాలు (చెప్పుల్లోంచి కూడా ముల్లు దిగుతుంది, చూసుకోండి). కాయలు తిన్న మేకలు, గొడ్లే పెంటలో విత్తనాలు వదులుతాయి, కాబట్టి కాయల కాలంలో మందని రానివ్వట్లేదు. మొలకలు ఇంకా వస్తూనే ఉన్నాయి, లేతగా ఉన్నప్పుడైతే చేత్తోనే ఊడొస్తాయి. ఖాళీగా వదలకుండా జొన్న చల్లాం.