ఎండాకాలానికి తేలికపాటి ఫ్రెంచ్ రెడ్ వైన్ ఎంచుకోవడం ఎలా?

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మాట ఎవరు పుట్టించారో గానీ, మండుటెండల్లో దాన్నే పట్టుకుని కూర్చుంటే గ్లాసులో ఉన్నది దగ్గుమందులా తయారవుతుంది. ఫ్రాన్స్‌లో లియాన్ వైపు వాళ్ళు జూలైలోనూ రెడ్ తాగుతారు, చల్లబెట్టుకుని. ఏ రెడ్డు చల్లబెట్టడానికి పనికొస్తుందో తెలుసుకోవడమే అసలు పని.

ముందు వగరు సంగతి చూడాలి. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే వగరుని టానిన్ అంటారు. జామపిందె కొరికితే నాలుక పట్టేసినట్టు అవుతుందే, అదే ఇది. వైన్ చల్లబడేకొద్దీ ఆ వగరు ఇంకా పైకి తేలుతుంది. నేనొకసారి స్నేహితుల ఇంటికి బోర్డో అనే ఖరీదైన, వగరెక్కువుండే ఫ్రెంచ్ రెడ్ పట్టుకెళ్ళి, ఐసులో ముంచి మరీ పోశాను. మర్యాదకి తలా ఒక గుక్క తాగి, అందరూ మంచినీళ్ళు అడిగారు.

కాబట్టి షాపులో నేరుగా బోజొలే ఉన్న అర దగ్గరికి వెళ్ళండి. లియాన్‌కి ఉత్తరాన ఉన్న ప్రాంతం అది. అక్కడి రెడ్డు దాదాపు అంతా గమే అనే ద్రాక్షది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ దీన్ని ద్రోహి మొక్క అని తిట్టి, తన ఏలుబడిలోని తోటల్లోంచి పీకేయమన్నాడు. దక్షిణాన బోజొలే కొండల్లో మాత్రం అది హాయిగా నిలదొక్కుకుంది. గమేకి వగరు తక్కువ, పులుపు ఎక్కువ. పైగా గుత్తుల్ని నలపకుండా అలాగే తొట్టిలో నింపుతారు. అడుగున చితికినవి పులుస్తూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో, పైనున్న పళ్ళు చెక్కుచెదరకుండానే లోలోపల పులవడం మొదలెడతాయి. తొక్కలోని వగరు పెద్దగా దిగదు, పండు వాసన మాత్రం నిలుస్తుంది.

తర్వాత లేబుల్. ఉత్త ‘బోజొలే’ అన్నది మామూలు రకం, ‘బోజొలే విలాజ్’ దానికి పై మెట్టు. ఆ పైన క్రూ అనే 10 ప్రత్యేక ప్రాంతాలున్నాయి. తికమక ఇక్కడే: వాటి సీసాల మీద బోజొలే అన్న మాట పెద్దగా కనబడదు, ఆ ప్రాంతం పేరే ఉంటుంది. వేసవికి ఫ్లూరీ, షిరూబ్ల్, రేన్యే తీసుకోండి. మోర్గాన్, మూలాఁ-అ-వాఁ కాస్త గట్టివి, చలికాలానికి దాచుకోండి. నన్నడిగితే, మంచి బోజొలే విలాజ్ దొరికాక ఇంకా ఖర్చు పెట్టక్కర్లేదు.

ఆల్కహాల్ 12 నుంచి 13 శాతం ఉంటే సరి, 14 దాటితే వదిలేయండి. ఓక్ పీపాల్లో ఉంచినట్టు రాసి ఉన్నదీ వద్దు. సంవత్సరం రెండు మూడేళ్ళ లోపుది చూడండి. నవంబర్ మూడో గురువారం విడుదలయ్యే ‘నూవో’, అంటే ఆ ఏటి కొత్త బోజొలే, వెంటనే తాగేయాల్సిన సరుకు. వేసవిలో డిస్కౌంట్‌కి ఇస్తున్నారంటే ఎందుకో ఆలోచించుకోండి. బోజొలే దొరక్కపోతే ల్వార్ నది లోయ నుంచి వచ్చే సోమూర్-షాంపిన్యీ రెడ్, లేదా ఆల్సాస్ ప్రాంతపు పీనో న్వార్ రెడ్.

చివరిగా చల్లబెట్టడం. 12–14 డిగ్రీలు చాలు, పళ్ళు జివ్వుమనకూడదు. ఫ్రిజ్‌లో అయితే గంటా గంటన్నర. తొందరగా ఉంటే బకెట్‌లో ఐసుతో పాటు నీళ్ళు కూడా పోసి, సీసాని మెడదాకా ముంచి పావుగంట ఉంచండి. ఉత్త ఐసు సీసాకి అక్కడక్కడే తగులుతుంది, నీళ్ళయితే చుట్టూ పడతాయి. గ్లాసులో సగానికి మించి పోయకండి, వేడెక్కిపోతుంది.

లియాన్‌లో దీన్ని సాసేజ్‌లతో, హ్యామ్‌తో తాగుతారు. మన కోడి వేపుడుకీ బాగానే కుదురుతుంది. వగరూ ఆల్కహాలూ ఎక్కువుంటే కారం ఇంకా మండుతుంది, ఇందులో రెండూ తక్కువే. ఆవకాయ పక్కన మాత్రం పెట్టకండి. అక్కడ మజ్జిగే దిక్కు.